ఎడమ అంచున

ఈ కథ ఎలా ముగుస్తుందో ముందే చెప్పేస్తాను. మద్రాసులో సైకిలు ఓడిపోయింది. ఇవాళ చెన్నైలో సైకిలు తొక్కుతున్నవాళ్లలో ఎక్కువమంది ఇంకో దారి లేక తొక్కుతున్నవాళ్లు. వాళ్లలో కొందరు ప్రతి ఏడూ ఇంటికి తిరిగి రారు. తెలిసిన ముగింపే అయినా మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలనిపిస్తుంది. మనిషి పోయిన ఇంట్లో పదో రోజున చుట్టాలంతా కూచుని, ఫలానా నాడు ఆస్పత్రికి తీసుకెళ్లి ఉంటే, ఫలానా మాట విని ఉంటే అని తలచుకుంటారే, అలాగే. పోయినవాడు లేచి రాడని అక్కడ కూచున్న అందరికీ తెలుసు. అయినా చెప్పుకుంటారు.

మద్రాసులో పాడి అనే చోటు దాటి పడమటికి పోతే అంబత్తూరు. అక్కడి పెద్ద రోడ్డును పాతవాళ్లు ఇప్పటికీ ఎం.టి.హెచ్. రోడ్డనే అంటారు. మద్రాసు నుంచి తిరువళ్లూరు వెళ్లే హైరోడ్డు అది. మన తెలుగువాళ్లకు తిరుపతి రోడ్డు. తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా కొండ దగ్గరకు చేర్చే రోడ్డు. టి.ఐ. సైకిల్స్ వెలిసింది ఆ రోడ్డు మీదే. మురుగప్ప కుటుంబం 1949లో బ్రిటన్‌కు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కంపెనీతో కలిసి మొదలుపెట్టిన సంస్థ. హెర్క్యులస్, ఫిలిప్స్, బీఎస్ఏ: ఈ పేర్లు పలకడం రాని పల్లెటూరు మన వైపు ఉండేది కాదు. అంబత్తూరులో కంపెనీ తరఫున ఒక ఆస్పత్రి కూడా లేచింది. బ్రిటన్ కంపెనీ పెద్ద సర్ ఐవన్ స్టెడిఫోర్డ్ పేరు పెట్టారు దానికి. సైకిళ్లు తయారయ్యే ఊళ్లోనే ఆ కంపెనీదే ఆస్పత్రి కూడా ఉందంటే, కంపెనీ మంచితనం తప్ప అప్పట్లో ఎవరికీ ఇంకేమీ తోచి ఉండదు. ఇప్పుడు ఆ రోడ్డు పక్కన నిలబడితే వేరే ఆలోచనలు వస్తాయి.

ఆ ఫ్యాక్టరీలో నల్ల రంగు వేయించుకున్న సైకిళ్లు నెల్లూరు, ఒంగోలు, బెజవాడ చేరేవి. అలక పాన్పు మీద కూచున్న కొత్త అల్లుడు రిస్టు వాచీ అడిగేవాడు, లేదా సైకిలు అడిగేవాడు. మామగారు అప్పో సప్పో చేసి తెచ్చి ఇచ్చేవాడు. పసుపు బొట్లు పెట్టి, హ్యాండిల్‌కి పూలదండ కట్టి, నిమ్మకాయ తొక్కించి ఎక్కేవాళ్లు. సీటు అందని పిల్లలు బారు సందులోంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి తొక్కుతూ మోకాళ్లు కొట్టుకునేవాళ్లు. చీకటి పడ్డాక దీపం లేకుండా వెళ్లినా, ముందు బారు మీద ఇంకొకణ్ణి ఎక్కించుకుని డబుల్స్ వెళ్లినా పోలీసాయన ఆపి టైరుకి గాలి తీసేసేవాడు. సైకిలు తొక్కేవాడికి రోడ్డు మీద ఉన్న పెద్ద భయం అదే, పోలీసాయన భయం. ఆ భయాన్ని తలచుకుంటే ఇప్పుడు ముచ్చటేస్తుంది.

మద్రాసులో బతకడానికి వచ్చిన తెలుగువాడి మొదటి ఆస్తి చాలాసార్లు సైకిలే. పెరంబూరులో బిన్నీ మిల్లు షిఫ్టు వదిలినప్పుడు, రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐ.సి.ఎఫ్. గేటు తెరిచినప్పుడు రోడ్డు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా సైకిళ్లే. కొత్వాల్ చావడి బజారు నుంచి గుమాస్తాలు క్యారియర్ మీద లెక్కల పుస్తకాలు కట్టుకుని ఇళ్లకు పోయేవాళ్లు. వడపళని స్టూడియోల దగ్గర వేషం కోసం తిరిగే కుర్రాళ్లకు అద్దె సైకిలు షాపువాడే మొదటి అప్పులవాడు. ఒకే ప్రింటుతో రెండు హాళ్లు నడిపే రోజుల్లో రీళ్ల డబ్బాలు కూడా సైకిలు మీదే పరిగెత్తేవి. ఒక హాల్లో ఇంటర్వెల్ అయ్యేలోపు ఇంకో హాలు నుంచి మిగతా సినిమా రావాలి. వచ్చేది. అంత నమ్మకంగా రోడ్డు సైకిలుకు దారి ఇచ్చేది.

1970లో నగరంలో జనం ప్రయాణాలను లెక్క కట్టారు. నూరు ప్రయాణాల్లో దరిదాపు ఇరవై సైకిలు మీద జరిగేవి, ఇంకో ఇరవై కాలినడకన. నలభై పైచిలుకు బస్సులో. కార్లూ స్కూటర్లూ కలిపినా పది దాటవు. ఆ లెక్క చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: నగరం అప్పుడే మేలుకుని ఉంటే చాలు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే పని. కొత్తగా ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. జనం అప్పటికే సైకిలు మీద ఉన్నారు.

1973 వచ్చింది. ఆ ఏడు కరుణానిధి ప్రభుత్వం మనిషిని మనిషి లాగే చేతి రిక్షాలను ఎత్తేసింది. చెమటోడ్చే మనిషి మర్యాద గురించి ఆలోచించిన పని అది, చేతులెత్తి మొక్కాల్సిన పని. అదే ఏడు మౌంట్ రోడ్డు మీద జెమిని ఫ్లైఓవర్ తెరిచారు. మద్రాసుకు అది మొదటిది. జనం చూడటానికి వెళ్లారు, ఎగువన నిలబడి గాలి పీల్చుకున్నారు. సినిమాల్లో నగరం అంటే ఆ వంతెనే చూపించారు. అది తప్పని నేను అనను. కానీ రోడ్డు అంటే వేగం కోసం, ఎత్తు ఎక్కగలిగిన ఇంజను కోసం అనే మాట మద్రాసులో కాంక్రీటుతో రాసింది ఆ రోజునే. ఆ ఎత్తు ఎక్కేటప్పుడు సైకిలు మనిషి సీటు మీంచి లేచి, ఒళ్లు బరువంతా పెడల్ మీద వేసి తొక్కుతాడు. వెనకనుంచి వచ్చేవాడు హారన్ కొడతాడు. అయిదు దశాబ్దాలుగా ఆ హారన్ ఆగలేదు.

సముద్రాల అవతల, సరిగ్గా ఆ రోజుల్లోనే, ఇంకో దేశం ఇదే దారిలో పోతూ పోతూ ఆగింది. నెదర్లాండ్స్ కూడా యుద్ధం తర్వాత కార్ల కోసం ఊళ్లను కోసుకుంది, సైకిలు బాటలను పీకేసింది. 1971లో ఆ చిన్న దేశంలో 3,300 మంది రోడ్ల మీద చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. పిల్లల హత్యలు ఆపండి అన్నదే ఆ ఉద్యమం పేరు. దాన్ని ప్రమాదం అనడానికి వాళ్లు ఒప్పుకోలేదు. 1973 చివర చమురు కరువు వచ్చి ఆదివారాలు కార్లు ఆపేస్తే, ఖాళీ రోడ్ల మీద పిల్లలు ఆడుకున్నారు. అక్కడ మలుపు తిరిగింది. ఇక్కడ తిరగలేదు. ఇక్కడి తల్లులు ఏడవలేదని కాదు. వాళ్ల ఏడుపు ఇంటి గడప దాటి రోడ్డెక్కలేదు. సైకిలు మీద పోయినవాడు పాలవాడో, కూలివాడో, వాచ్‌మనో; వాడి ఇంట్లో మర్నాడు మళ్లీ పనికి పోకపోతే పొయ్యి వెలగదు. ఉద్యమానికి తీరిక కూడా ఒక ఆస్తే.

1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. సైకిలుకు చిన్న ఇంజను తగిలించినట్టుండే బండి, ఇద్దరు ఎక్కొచ్చు. పాల క్యాన్లు కట్టుకోవచ్చు, మూటలు వేసుకోవచ్చు. దాన్ని కొన్నవాళ్లను తప్పు పట్టే నోరు నాకు లేదు. చెమట తుడుచుకుని కాస్త సుఖపడదామనుకున్న మనిషిని ఏమంటాం? కానీ ఒక్కొక్కరే అలా వెళ్లిపోతుంటే రోడ్డు మీద సైకిలు మంద పలచబడింది. వందమంది కలిసి వెళ్తుంటే లారీవాడు కూడా ఆగేవాడు. పదిమందయ్యాక ఆగడం మానేశాడు. ఒక్కడు మిగిలాక ఆ ఒక్కడు వాడికి కనిపించడం మానేశాడు.

ఆ రోజుల్లోనే ఇంకో వింత. టి.నగర్ బజుల్లా రోడ్డు ఇంటి మనిషి, మన రామారావు, 1982లో పార్టీ పెట్టారు. దాని గుర్తు సైకిలు. ఆంధ్రదేశంలో గోడ గోడకీ సైకిలు ఎక్కింది. ఆయన మాత్రం ఊరూరా తిరిగింది షెవర్లే వ్యాను మీద. గోడ మీద బొమ్మగా ఉండటానికి పనికొచ్చిన బండి, రోడ్డు మీద చోటు అడిగితే మాత్రం ఏ పార్టీకీ గుర్తు రాలేదు.

ఆ తర్వాతి పాతికేళ్లు తొందరగా చెప్పేస్తాను, వాటిలో ఆగి చూడదగ్గ మలుపు నాకు కనిపించదు. మరైమలై నగర్‌లో ఫోర్డు వచ్చింది, ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ వచ్చింది, 1998లో శాంత్రో వచ్చింది. నగరానికి భారతదేశపు డెట్రాయిట్ అని పేరొచ్చింది. సైకిళ్లు చేసి దేశానికి పంపిన నగరానికి ఆ పేరు బిరుదులా అనిపించింది. వంతెన మీద వంతెన లేచింది. 2008లో కత్తిపారా దగ్గర నాలుగు రేకుల ఫ్లైఓవర్, అదే ఏడు ఐ.టి. కంపెనీల కోసం ఆరు వరసల ఓ.ఎం.ఆర్. రోడ్డు సిద్ధమయ్యాయి. అదే ఏడు మళ్లీ ప్రయాణాలు లెక్కపెట్టారు. నూటికి ఇరవై ఉన్న సైకిలు ఆరు దగ్గర తేలింది.

ఆ ఆరుగురు ఎవరో కళ్లు తెరిచి చూస్తే కనిపిస్తారు. క్యారియర్ మీద స్టీలు క్యాను కట్టుకుని, హ్యాండిల్‌కి పేపరు కప్పుల దొంతర వేలాడదీసి, అర్ధరాత్రి దాకా టీ అమ్మే మనిషి. పొద్దున్నే రబ్బరు హారన్ నొక్కుతూ ఇడియాప్పం తెచ్చే మనిషి. సిలిండర్లను రెండు పక్కలా కొక్కేలకు తగిలించుకుని మేడల కింద ఆగే గ్యాసు మనిషి. రాత్రి డ్యూటీకి పోయే వాచ్‌మను. శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ వచ్చి ఓ.ఎం.ఆర్. పక్కన అంతస్తులు లేపే కూలీలు. నీళ్లు కరువైన ఏడు, 2019లో, ఆ సైకిళ్లే రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు కట్టుకుని ట్యాంకరు వెంట పరుగెత్తాయి. నగరం గొంతు తడిపినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

చెన్నైలో సైకిలుకు మిగిలింది రోడ్డు ఎడమ అంచు. ఆ అంచు కూడా పూర్తిగా దానిది కాదు. అక్కడ కార్లు ఆపి ఉంటాయి. ఏ నిమిషంలో ఏ తలుపు తెరుచుకుంటుందో తెలియదు. బస్సు స్టాపులో ఆగడానికి ఎడమకు కోసుకుంటూ వస్తుంది. వాననీటి కాలువ మూత ఒకటి లేచి ఉంటుంది, ఒకటి కుంగి ఉంటుంది. ప్లాట్‌ఫారం మీదికి ఎక్కుదామంటే అక్కడ ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన బైకులు. కారు పక్కనుంచి తప్పించుకోవడానికి మనిషి రెండడుగులు కుడికి జరుగుతాడు. ఆ రెండడుగుల్లోనే ఉంది అంతా.

ఎక్కువ భయపెట్టేది ఎడమ మలుపు. లారీ డ్రైవరు కుడి పక్క కూచుంటాడు. తన ఎడమ చక్రం పక్కన ఏముందో అతనికి కంటితో కనపడదు, అద్దం మీదే ఆధారం. సిగ్నలు దగ్గర సైకిలు మనిషి వచ్చి ఆ ఎడమ పక్కనే ఆగుతాడు; అది అంచు కదా, ఇంకెక్కడ ఆగుతాడు? ఆకుపచ్చ పడుతుంది. లారీ ముందు చక్రాలు వెడల్పుగా తిరుగుతాయి. వెనక చక్రాలు ఆ దారిన పోవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. సైకిలు మనిషికి ముందు లారీ దూరంగా పోతున్నట్టే ఉంటుంది. తర్వాత దాని పొడవంతా తన మీదికి ఒరుగుతూ వస్తుంది. పక్కకు పోదామంటే కాలువ గట్టు. డ్రైవరు కొన్నిసార్లు జనం అరిచేదాకా ఆగడు. ఎందుకంటే అతనికి నిజంగా తెలియదు. లారీకి పక్కల ఇనుప కమ్మీలుండాలనీ, సైకిళ్లు సిగ్నలు దగ్గర ముందు నిలబడాలనీ, మలుపు మూల ఇరుకుగా ఉంటే బండి నెమ్మదిస్తుందనీ రోడ్ల ఇంజనీర్లకు తెలుసు. ముప్పై కిలోమీటర్ల వేగంతో బండి తగిలితే మనిషి బతికే ఆశ ఎక్కువనీ, యాభై దాటితే ఆ ఆశ గబగబా తరిగిపోతుందనీ కూడా తెలుసు. తెలియక పోయిన ప్రాణాలు కావు ఇవి.

అందుకే 2014 గురించి మాట్లాడేటప్పుడు గొంతు పట్టేస్తుంది. ఆ ఏడు చెన్నై కార్పొరేషన్ నడిచేవాళ్ల కోసం, సైకిలు తొక్కేవాళ్ల కోసం ఒక విధానాన్ని ఆమోదించింది. దేశంలో అలాంటి విధానం తెచ్చుకున్న మొదటి నగరం అదే. రవాణా నిధుల్లో కనీసం 60 శాతం వాళ్లకే ఖర్చు పెట్టాలని రాసుకుంది. 2018 కల్లా నూటికి ఎనభై వీధుల్లో తెగిపోని ప్లాట్‌ఫారాలు ఉండాలి. నూటికి నలభైకి పైగా ప్రయాణాలు కాలినడకన, సైకిలు మీద జరగాలి. ఇంకో మాట కూడా ఉంది అందులో: 2018 కల్లా నడిచేవాళ్లూ, సైకిలు తొక్కేవాళ్లూ ఒక్కరు కూడా రోడ్డు మీద చనిపోకూడదు.

ఒక్కరు కూడా. ప్రభుత్వ కాగితాల్లో సాధారణంగా తగ్గించడానికి కృషి చేస్తాం అని ఉంటుంది. సున్నా అని రాయడానికి ధైర్యం కావాలి. ఎవరో ఒక అధికారి, ఎవరో ఒక ఇంజనీరు, ఆ అంకె వేసేటప్పుడు మనసులో ఎవరినో తలచుకుని ఉంటారని నమ్మాలనిపిస్తుంది. ఆ రోజుల్లోనే బెసంట్ నగర్ బీచి రోడ్డు మీద ఆదివారాలు కార్లు ఆపితే సైకిళ్ల మీద పిల్లలు నిండిపోయారు. ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో 1973లో కనిపించిందే మనకు నలభై ఏళ్లు ఆలస్యంగా కనిపించింది. ఆలస్యమైనా కనిపించింది కదా అనుకున్నాం.

ఆ నాలుగేళ్లూ ఎలా గడిచాయో మనకు తెలుసు. కొన్ని రోడ్ల పక్కన ప్లాట్‌ఫారాలు వెడల్పయ్యాయి. అక్కడక్కడా నిజంగా బాగా చేశారు. 2019 నవంబరులో పాండీ బజారు రోడ్డు అలా మారి తెరుచుకుంది. పెళ్లి బట్టలకు వెళ్లిన మన ఆడవాళ్లు పిల్లల చేతులు వదిలేసి నడిచారు అక్కడ. చేయగలరని అది చూపించింది. చేయగలిగి చేయకపోవడం వల్లే దుఃఖం రెట్టింపైంది. ఎందుకంటే ఆ వెడల్పులో కూడా సైకిలుకు ఒక గీత దొరకలేదు. అద్దె సైకిళ్లు అదే ఏడు వచ్చాయి, వరసగా స్టాండ్లలో నిలబడ్డాయి. వాటిని తొక్కాల్సింది మాత్రం మళ్లీ ఆ ఎడమ అంచునే.

2018 వచ్చింది, వెళ్లిపోయింది. ఆ ఏడు పది లక్షల జనాభా దాటిన నగరాల్లో రోడ్డు ప్రమాదాల సంఖ్యలో చెన్నైదే మొదటి స్థానం. చెన్నై రోడ్ల మీద చనిపోయినవాళ్లు వెయ్యి దాటారు. మరుసటి ఏడు దేశం మొత్తంలో సైకిలు మీద పోయినవాళ్లు 4,168 మంది. సున్నా అని రాసిన కాగితాన్ని ఎవరూ చించలేదు, రద్దు చేయలేదు, క్షమించమని అడగలేదు. గడువు దాటిన సంగతి ఎవరికీ గుర్తు కూడా లేనట్టుంది.

మింట్ దగ్గర ప్లాట్‌ఫారం మీద సైకిళ్లు బాగుచేసే ఒకాయనతో ఓసారి మాట కలిసింది. నెల్లూరు వైపు మనిషి. ట్యూబుకు గాలి కొట్టి, మూకుడులోని నీళ్లలో ముంచి, బుడగలు లేచిన చోట వేలు పెట్టి పట్టుకున్నాడు. తుడిచి, ఆకురాయితో గీరి, సొల్యూషన్ రాసి ఆరేదాకా ఊదుతూ కూచున్నాడు. సైకిళ్లు బాగా తగ్గాయా అన్నా అని అడిగాను.

"తగ్గినాయి సార్. వచ్చేటివి అన్నీ పాతవే," అన్నాడు తలెత్తకుండా. "యాక్సిడెంటు బండ్లు కూడా వస్తాయి. వాళ్ల ఇంటోళ్లు తెచ్చి ఎంతకో ఒకంతకు తీసుకోమంటారు. రిమ్ము వంకర పోయుంటది, ఫ్రేము బాగానే ఉంటది. తీసుకోనంటే ఏడుస్తారు. తీసుకున్నా ఏడుస్తారు."

గోడకు ఆనించి అలాంటిది ఒకటి ఉంది. ముందు చక్రం లేదు. మడ్‌గార్డు మీద వెంకటేశ్వరస్వామి స్టిక్కరు, క్యారియర్‌కి టిఫిన్ డబ్బా కట్టుకునే రబ్బరు ట్యూబు ముక్క, ముడి విప్పకుండా అలాగే.

ఇంకో అవకాశం 2020లో వచ్చింది, ఎవరూ కోరని విధంగా. లాక్‌డౌన్‌లో చెన్నై రోడ్లు ఖాళీ అయ్యాయి. మౌంట్ రోడ్డు మీద సైకిలు బెల్లు ఇటు నుంచి అటు వినబడే రోజులు. ప్రపంచంలో చాలా నగరాలు ఆ వారాల్లోనే రోడ్డు మీద పెయింటుతో గీతలు గీసి, ప్లాస్టిక్ స్తంభాలు నాటి సైకిలుకు చోటిచ్చేశాయి. మన వరంగల్లు కూడా కేంద్ర ప్రభుత్వం పెట్టిన సైకిలు పోటీలో ముందు వరసలో నిలబడింది. అదే ఎండల్లో చెన్నై నుంచి పని పోగొట్టుకున్న వలస కూలీలు, ఉన్న డబ్బు పెట్టి పాత సైకిళ్లు కొనుక్కుని, తడ, నాయుడుపేట, నెల్లూరు మీదుగా కలకత్తా హైవే పట్టారు. ఒడిశా దాకా కొందరు, జార్ఖండ్ దాకా కొందరు. దారిలో మన ఊళ్లవాళ్లు అన్నం పొట్లాలు, మజ్జిగ ఇచ్చారు. అంబత్తూరు సైకిలు కంపెనీ పుట్టిన డెబ్భై ఏళ్లకు, రైలూ బస్సూ ఆగిపోయిన నాడు, మనిషిని ఇంటికి చేర్చింది సైకిలే. రోడ్లు మళ్లీ తెరవగానే కార్లు తిరిగొచ్చాయి, ఇంతకు ముందుకన్నా ఎక్కువగా. బస్సంటే భయపడినవాళ్లంతా సొంత బండి కొన్నారు.

న్యాయంగా చెప్పాలంటే తమిళనాడు చేతులు కట్టుకుని కూచోలేదు. హైదరాబాదులో 2005లో పుట్టిన 108 అంబులెన్సు 2008లో అక్కడికీ వెళ్లింది. రాష్ట్రం మొత్తం మీద 2016లో 17,218గా ఉన్న రోడ్డు మరణాలు 2019కి 10,525కు దిగాయి. దేశమంతా ఆ లెక్క చూసి మెచ్చుకుంది. 2021 డిసెంబరు నుంచి ప్రమాదంలో గాయపడినవాళ్లకు మొదటి 48 గంటల వైద్యం ఉచితం. దెబ్బ తగిలాక మనిషిని నిలబెట్టడానికి చేసిన పని చిన్నది కాదు, దాని వల్ల ఇవాళ తిరుగుతున్న తండ్రులున్నారు. కానీ 2022లో ఆ మరణాలు మళ్లీ 17,884కు చేరాయి. దెబ్బ తగలకుండా చేసే పని, అంటే వీధిని మార్చే పని, మొదలైన చోటే ఆగింది. అదే 2022 నుంచి, గుద్ది ఆగకుండా పోయిన బండి కింద మనిషి చనిపోతే కుటుంబానికిచ్చే పరిహారం 2 లక్షలైంది. అంతకు ముందు 25,000. వాచ్‌మన్లకూ, టీ మనుషులకూ రాత్రి పూట జరిగేది చాలావరకు అదే: గుద్దినవాడు ఎవరో తెలియదు.

ఈ మధ్య తెల్లవారుజామున సముద్రం పక్కన పోయే ఈసీఆర్ రోడ్డు మీద వేరే సైకిళ్లు కనిపిస్తున్నాయి. సన్నటి టైర్లు, హెల్మెట్లు, వెనక ఎర్రగా మిణుకుమనే దీపాలు. ముఖ్యమంత్రిగా స్టాలిన్ ఆ రోడ్డు మీద తొక్కారు. డీజీపీగా చేసిన శైలేంద్రబాబు సైకిలు పిచ్చి నగరమంతా ఎరుగును. వాళ్లను చూసి నవ్వుకునేవాళ్లున్నారు, లక్షల సైకిలు మీద వ్యాయామమా అని. నాకు నవ్వు రాదు. ఎర్ర దీపం ఉన్నవాడూ, దీపం లేని వాచ్‌మనూ ఒకే అంచున పోతున్నారు. వీళ్లలో కొందరికైనా సెక్రటేరియట్ దాకా వినిపించే గొంతు ఉంది. ఆ గొంతు వాచ్‌మన్ కోసం కూడా లేస్తే బాగుండు. ఇప్పటిదాకా ఎక్కువగా వినిపించింది ఊరి బయట తొక్కుకోవడానికి బాటలు కావాలనే. హైదరాబాదులో 2023లో ఓఆర్ఆర్ అనే రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల బాట వేసి సోలార్ పలకల కప్పు కూడా వేశారు. చూడటానికి ఎంతో బాగుంటుంది. దాని మీదుగా ఏ పాలవాడూ ఏ ఇంటికీ పోలేడు.

తమిళనాడు ప్రభుత్వం 2001 నుంచి బడి పిల్లలకు సైకిళ్లు ఉచితంగా ఇస్తోంది. మొదట దళిత, గిరిజన ఆడపిల్లలకు మొదలుపెట్టి, 2005 నాటికి ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్లలో పదకొండో తరగతి పిల్లలందరికీ చేశారు. మంచి మనసుతో చేసిన పథకం, పల్లెల్లో ఎందరో ఆడపిల్లల చదువు నిలబెట్టింది. అంబత్తూరు, ఆవడి వైపు బళ్లలో కూడా ప్రతి ఏడూ సైకిళ్లు వరసగా నిలబెట్టి, ఎమ్మెల్యే వచ్చి పంచిపెడతాడు. ఇంటికి తెచ్చిన పిల్ల రెండు రోజులు సందులో తొక్కుతుంది. మూడో రోజు బడికి సైకిలు మీద పోతానంటుంది.

"మెయిన్ రోడ్డు ఎక్కొద్దు తల్లీ. బస్ పాస్ ఉంది కదా, బస్సులో పో," అంటుంది వాళ్లమ్మ. ఆ పిల్ల బస్సులో పోతుంది. కొన్ని నెలలకు ఆ సైకిలు పల్లెలో ఉన్న మేనమామకు వెళ్తుంది, లేదా రాత్రి డ్యూటీకి పోయే నాన్న తీసుకుంటాడు.